గంగ మీద ముందు సీటు

ఆ రోజుల్లో మాకు తెలిసిన నీళ్ళన్నీ చెప్పిన మాట వినేవి. సాగరు కాలువలోవి, కాలువ చూసే లష్కరు తలుపులెత్తితే వచ్చేవి, దించితే ఆగిపోయేవి. బోరు నీళ్ళు మీట నొక్కితే వచ్చేవి, కరెంటు పోతే మానేసేవి. మా వీధి కుళాయిలోవి రోజు విడిచి రోజు వచ్చి, బిందె నిండకముందే సెలవు తీసుకునేవి. అలాంటి నెమ్మదైన నీళ్ళ మధ్య పెరిగిన నలుగురం, ఎక్కడో హిమాలయాల కింద బండరాళ్ళ మీద నుంచి దూకే గంగలో రబ్బరు పడవెక్కి తెడ్లు వెయ్యాలని ఎందుకు అనుకున్నామో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ వయసులో మనిషికి ప్రాణం మీద కన్నా పంతం మీద మమకారం ఎక్కువ కాబోలు. నా సంగతి అడిగితే ఆ మమకారం ఈనాటికీ తగ్గలేదు. ఈ వ్యవహారంలో నాకు అన్యాయం జరిగిందని పన్నెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. మా ఇంట్లో వినేవాళ్ళు లేరు. నేను నోరు తెరవగానే మా ఆవిడకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. మీరు పరాయివాళ్ళు గనక న్యాయంగా వింటారని మీ ముందు పెడుతున్నాను.

అప్పుడు నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తాని. లారీ వస్తే తూకం రాసుకోవడం, చీటీ చింపి ఇవ్వడం నా పని. అదే కోల్డ్ స్టోరేజీలో లోడింగు సూపర్‌వైజరు మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆ ఉద్యోగం నాకు వేయించింది కూడా ఆయనే. (ఈ మాట ఆయన రోజుకి రెండుసార్లు గుర్తు చేసేవాడు గనక నేను మళ్ళీ చెప్పనక్కర్లేదు గాని, న్యాయం కోసం చెబుతున్నాను.) మనిషి సన్నగా, పొడుగ్గా, చెవి వెనక పెన్సిలుతో ఉండేవాడు. ఏ వస్తువుని చూసినా దాని బరువెంతో, దాన్ని లారీలో ఎక్కడ పెట్టాలో మనసులో లెక్క వేసుకునే అలవాటు. పెళ్ళిళ్ళలో బంధువుల్ని కూడా అదే చూపు చూసేవాడు.

మా ఇద్దరికీ తగాదా ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. మా అక్క పెళ్ళయ్యాక అత్తారింటికి సాగనంపేటప్పుడు, తోడుగా నేను వెళ్ళాలని పెద్దవాళ్ళు తేల్చారు. ఇంటర్మీడియట్ చదువుతున్నాను, కొత్త చొక్కా వేసుకున్నాను, కారులో ముందు సీటు నాదేనని పది రోజుల నుంచి అనుకుంటున్నాను. తీరా చూస్తే ముందు సీట్లో బావ మేనమామ కూర్చున్నాడు. నాకు దొరికింది వెనకాల డిక్కీ వైపు, అరటిగెలకీ సారె బిందెలకీ మధ్య జాగా. దారిలో చిలకలూరిపేట దగ్గర ఆగినప్పుడు బావ వెనక్కి తిరిగి చూసి, "సామానుతో పాటు బావమరిది కూడా వచ్చేశాడే!" అన్నాడు. కారంతా నవ్వారు. మా అక్క కూడా నవ్వింది. పెళ్ళయి అప్పటికి పూర్తిగా ఒక రోజు కూడా కాలేదు, అప్పుడే పార్టీ మార్చేసింది. ఆ నవ్వులో ఎవరెవరు ఉన్నారో నాకు ఇప్పటికీ పేరుపేరునా గుర్తు.

ఇక అసలు కథ. మిర్చి యార్డుకి ఎండాకాలంలో సెలవులిస్తారు. కాయ అంతా కోల్డ్ స్టోరేజీల్లోకి చేరిపోయి, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఊపిరి పీల్చుకునే ఆ నెల రోజులే మాకూ కాస్త తెరిపి. అలాంటి సెలవులు రాబోయే ముందు ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఉండగా, చీరాల భాయ్ తన సెల్లులో ఒక వీడియో చూపించాడు. ఈ భాయ్ మా స్టోరేజీలో మిషన్లు చూసే మెకానిక్కు. సొంతూరు చీరాల. వీడియోలో ఎర్ర టోపీలు పెట్టుకున్న ఏడెనిమిది మంది ఒక పడవలో కేకలేస్తూ నురుగులోకి దూకి మళ్ళీ పైకి తేలుతున్నారు. మేం నలుగురం ఒకే సెల్లు మీదకి వంగాం. నాలుగోవాడు మా కంప్యూటరు పంతులు. అద్దంకి దగ్గర పురోహితుల ఇంట్లో పుట్టి, బి.కాం. చదివి, మా దగ్గర రసీదులు కొట్టే పనిలో కుదిరాడు. కీబోర్డు ముందు కూర్చున్నా పంచాంగం మాత్రం వదల్లేదు.

"పోదామా?" అన్నాడు భాయ్, సరదాకి.

"పోదాం," అన్నాడు బావ, సరదాకి కాదు.

అంతే, అక్కడితో ప్రయాణం ఖాయమైపోయింది. ఎవరికి ఈత వచ్చు అనే ప్రశ్న వచ్చినప్పుడు మేం ముగ్గురం భాయ్ వైపు చూశాం. సముద్రం పక్కన పుట్టినవాడు కదా. అతను గడ్డం నిమురుకుని, "నాకు సముద్రమే తెలుసండీ, ఏరెంత!" అన్నాడు. ఆ జవాబులో ఈత అనే మాట లేదని అప్పుడు ఎవరం గమనించలేదు. హిందీ ఎవరికి వచ్చు అన్నప్పుడూ అతని వైపే చూశాం. ఈసారి మాత్రం భాయ్‌కి కోపం వచ్చింది. "ఏం, నా మొహం చూస్తే హిందీ కనపడుతోందా? మా ఇంట్లో మూడు తరాలుగా తెలుగే. నేను మీలాంటి బళ్ళోనే, మీ హిందీ మాస్టారిలాంటాయన దగ్గరే, మీలాగే ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కాను," అన్నాడు. మాటొస్తే పడేవాడు కాదు. ఆ విషయంలో అతనంటే నాకు గౌరవం.

పంతులు ముహూర్తం చూశాడు. "రైలు ఉత్తరంగా పోతుంది, మంగళ బుధవారాలు వారశూల, బయల్దేరకూడదు. నది అక్కడ దక్షిణంగా పారుతుందిట, గురువారం పడవెక్కకూడదు."

"మరి పడవ సుడిలో గుండ్రంగా తిరిగితే?" అని బావ అడిగాడు.

"దానికి ఏ వారమూ పనికిరాదు," అన్నాడు పంతులు, ఏమాత్రం నవ్వకుండా.

మా అమ్మ సంగతి వేరు. "నీకు ఈత రాదుగా?" అంది. పడవలో కూర్చుంటామమ్మా అన్నాను. "పడవలో కూర్చోడానికి అంత దూరం ఎందుకురా, బాపట్ల దగ్గర లేవా?" అంది. అక్కడివి పడవలు కావమ్మా, ఇది సాహసం అన్నాను. మా అమ్మ నన్నొకసారి కింద నుంచి పైదాకా చూసి (ఆ రోజుల్లో నేను కాస్త పుష్టిగా ఉండేవాణ్ణి), "ఆ పడవకా?" అంది. సొంత తల్లి అన్న మాట గనక దీన్ని లెక్కలో వెయ్యడం లేదు. అయితే మరిచిపోయానని కూడా అనుకోవద్దు.

వారం తిరిగేసరికి బావ ప్లాను గీశాడు. కాటా చీటీ వెనక పక్క, చెవి మీది పెన్సిలుతో కోడిగుడ్డు ఆకారంలో పడవ వేసి, అందులో ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో గుర్తులు పెట్టాడు. ముందు ఎడమ పక్క ఒక గుండ్రం, అది బావ. ముందు కుడి పక్క ఒక గుండ్రం, అది భాయ్. వెనక ఒక గుండ్రం, పంతులు. ఆ వెనకాల గైడు. పడవకి సరిగ్గా నడిమధ్యలో ఒక నలుచదరపు డబ్బా. దానికి తెడ్డు కూడా లేదు.

"బావా, ఈ డబ్బా ఏంటి?"

"నువ్వు."

"మరి వాళ్ళకి గుండ్రాలు గీశావుగా?"

"మనుషులకి గుండ్రం, సామానుకి డబ్బా. లోడింగులో అంతేగా. బరువెప్పుడూ నడుమ ఉండాలిరా బావమరిదీ, అంచున పెడితే బండి తిరగబడుద్ది. పదిహేడేళ్ళ నుంచి లారీలు ఎత్తుతున్నా, ఒక్కటి పడిందా?"

"ఇది లారీ కాదు."

"రోడ్డయినా నీళ్ళయినా బరువు బరువే."

భాయ్ నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. అందులో టీ అప్పటికే అయిపోయింది, నేను చూశాను. ఆ క్షణంలో నాకు గంగా లేదు, హిమాలయాలూ లేవు. ప్రపంచంలో నాకు కావలసింది ఒక్కటే, ఆ పడవలో ముందు ఎడమ పక్క సీటు. అది దక్కకపోతే ఆ రైలే ఎక్కనని తేల్చి చెప్పాను. మామూలుగా అయితే ఎక్కకపోతే మానెయ్ అనేవాడే. కానీ నలుగురికీ టిక్కెట్లు తీసింది నేను, అక్క దగ్గర అనుమతి సంపాదించింది నేను ("తమ్ముడు తోడుంటాడు" అనే ఒక్క మాట మీద ఆ అనుమతి నడుస్తోంది), అందుకని బావ కాస్త దిగొచ్చాడు.

"సరే. ప్రాక్టీసు పెడదాం. ఎవడు నిలబడితే వాడిది సీటు," అన్నాడు.

ప్రాక్టీసుకి నీళ్ళు కావాలి. కాలువ కట్టేసి నెల దాటింది. అడుగున పగుళ్ళిచ్చిన మట్టిలో మేకలు తిరుగుతున్నాయి. అందుకని ఒక ఆదివారం పొద్దున, హమాలీలు కూడా పల్చగా ఉన్న వేళ, స్టోరేజీ ముందున్న రేకుల షెడ్డులోనే బావ నదిని ఏర్పాటు చేశాడు. మిర్చి బస్తాల్ని మేం టిక్కీలంటాం. ఎనిమిది టిక్కీలు కోడిగుడ్డు ఆకారంలో పేర్పించి, వాటి మీద మమ్మల్ని కూర్చోబెట్టాడు. తెడ్లకి బదులు, కాయలు ఎగదోసే చెక్క పారలు తలా ఒకటి ఇచ్చాడు. అంతవరకు బాగానే ఉంది. "ఉత్త గాలిలో ఊపితే రెక్కల బలం ఏం తెలుస్తుంది? దేన్నో ఒకదాన్ని తొయ్యాలి," అన్నాడు. అని, షెడ్డు మూలన గుట్టగా పోసి ఉన్న తాలు కాయల్ని, అంటే రంగు పోయి తెల్లబడ్డ ఎండు మిరపకాయల్ని, మా టిక్కీల పడవ చుట్టూ మోకాలెత్తున పోయించాడు. నీళ్ళకి బదులు మిరపకాయలు. దేశంలో ఇన్ని ఊళ్ళ వాళ్ళు గంగకి వెళ్ళి పడవలెక్కుతుంటారు గదా, ఇలాంటి ప్రాక్టీసు ఇంకెవరైనా చేసి ఉంటారని నేననుకోను.

అప్పుడు పోటీ నియమం చెప్పాడు. "అందరం తెడ్డేస్తాం. ఎవడు ముందు దగ్గితే వాడు బయటికి. ఆఖరిదాకా దగ్గకుండా ఉన్నోడిది ముందు సీటు."

ఇక్కడ మా షెడ్డు మర్యాద ఒకటి చెప్పాలి. మిరప ఘాటుకి దగ్గడం మా దగ్గర పెద్ద నామర్దా. పని నేర్చినవాడు దగ్గడు, తుమ్మడు, కళ్ళు తుడుచుకోడు. కొత్తగా వచ్చినవాడెవడైనా ఖళ్ళుమన్నాడా, హమాలీలు పని ఆపేసి "కొత్తల్లుడొచ్చాడర్రోయ్, కుర్చీ వెయ్యండి!" అని అరిచేవాళ్ళు. అలా పేరు పడ్డవాడికి ఆర్నెల్ల దాకా అదే పేరు. బావ షెడ్డు మనిషి. నేను కాటా గదిలో అద్దాల వెనక ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి. అంటే ఆయన పెట్టింది పోటీ కాదు, నన్ను మర్యాదగా డబ్బాలో పడెయ్యడానికి వేసిన ఎత్తు. తెలిసే ఒప్పుకున్నాను. "చీటీ మీద రాయి," అన్నాను. రాశాడు. గెలిచినవాడికి ముందు ఎడమ సీటు, మా ఇద్దరిలో ఓడినవాడికి డబ్బా అని, ఆ పడవ బొమ్మ కిందనే రాసి సంతకం పెట్టాడు. భాయ్‌తో, పంతులుతో సాక్షి సంతకాలు పెట్టించి చీటీ నా జేబులో పెట్టుకున్నాను.

"ఫార్వర్డ్!" అన్నాడు బావ.

నలుగురం పారలు ముంచి వెనక్కి తోశాం. కాయలు గలగలమన్నాయి. రెండోసారి తోసేసరికి సన్నటి ఘాటు ధూళి మోకాళ్ళ దాకా లేచింది. నాలుగోసారికి ముక్కులోకి ఎక్కింది. పంతులు ఆరో తెడ్డుకే "నారాయణ" అనబోయి 'నా' దగ్గరే తెగిపోయి, దగ్గుకుంటూ గేటు దాకా పరిగెత్తాడు. భాయ్ కొంతసేపు గట్టిగానే నిలిచాడు. కానీ అతను తుమ్ము ఆపుకుంటూ ఆపుకుంటూ టిక్కీ మీద నుంచి జారి కాయల్లోకి బోర్లా పడ్డాడు. లేచినప్పుడు మొహం చూస్తే, దగ్గాడా లేదా అని అడగడానికి మనసొప్పలేదు. (సముద్రం తెలిసినవాడు మోకాలెత్తు మిరపకాయల్లో మునగడం చూశాక, ఈత సంగతి నాకు కొంత అర్థమైంది.)

మిగిలింది నేనూ బావా. ఎదురెదురుగా తిరిగి కూర్చున్నాం. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, చెవులు మండుతున్నాయి, గొంతులో ఎవరో గరుకు కాగితం పెట్టి రుద్దుతున్నట్టుంది. నేను అరటిగెలని తలుచుకున్నాను. సారె బిందెల్ని తలుచుకున్నాను. చిలకలూరిపేట దగ్గర నవ్విన మొహాలన్నిటినీ వరసగా ఒక్కొక్కటే తలుచుకుంటూ తెడ్డేశాను. ఆ నవ్వులు నా జీవితంలో మొదటిసారి నాకు పనికొచ్చాయి. నలుగురైదుగురు హమాలీలు చేరి చూస్తున్నారు. బావ మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఆయన కళ్ళతోనే "ఒప్పుకోరా" అంటున్నాడు, నేను కళ్ళతోనే "చీటీ జేబులో ఉంది" అంటున్నాను.

సరిగ్గా అప్పుడు మా ఓనరు గారు వచ్చారు. మేమంతా పెద్దాయన అని పిలిచే ఆయన ఆదివారాలు సాధారణంగా రారు. తెల్ల పంచె, చేతిలో తాళాలగుత్తి. షెడ్డు గడప దగ్గర ఆగి, మిరపకాయల మధ్య బస్తాల మీద ఎదురెదురుగా కూర్చుని ఏడుస్తూ పారలు ఊపుతున్న ఇద్దరు ఉద్యోగుల్ని చూశారు.

"ఏమయ్యా, ఏంటిది?" అన్నారు.

షెడ్డుకి బాధ్యుడు సూపర్‌వైజరు. జవాబు చెప్పాల్సింది బావ. నేను కాటా గుమాస్తాని, నాకు సంబంధం లేదు. బావ నా వైపు చూశాడు. నేను తెడ్డు వైపు చూశాను. పెద్దాయన, "నిన్నేనయ్యా, అడిగేది!" అని గొంతు పెంచారు. ఆయన అడిగాక పలకకపోవడం మా దగ్గర జరిగే పని కాదు. బావ లేచి నిలబడి, రెండు చేతులూ కట్టుకుని, "అయ్యా, కాయ... తిరగేస్తన్..." అన్నాడు. అంతే. ఆ తర్వాత వచ్చింది దగ్గో, ఉరుమో, ఇంజను స్టార్టవడమో నేను చెప్పలేను. రేకులు అదిరాయి. వెనక నుంచి హమాలీలు పెద్దాయన ఉన్నారన్న సంగతి కూడా మరిచిపోయి, "కొత్తల్లుడొచ్చాడర్రోయ్!" అని అరిచారు. మా ఇంటికి నిజంగా అల్లుడైన మనిషిని పట్టుకుని అలా అనడం మర్యాద కాదు. నేను చాలా బాధపడ్డాను. ఆ బాధతోనే ఆ సాయంత్రం అందరికీ పునుగులు తెప్పించాను.

పెద్దాయన నా దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా కన్నీళ్ళు కారుస్తున్న నన్ను చూసి, "ఈ కుర్రాడికి కనీసం చేసిన తప్పు తెలిసింది, చూడు ఎలా కుమిలిపోతున్నాడో. నువ్వు పెద్దవాడివి, నీకు బుద్ధి లేదా?" అని బావని చివాట్లు పెట్టి వెళ్ళారు. అప్పుడు గానీ నేను నోరు తెరవలేదు. తెరిచాక పావుగంట మూయలేదు, అంత దగ్గాను. కానీ పోటీ అయ్యాక దగ్గినదానికి లెక్క లేదు.

బావ మాత్రం ఒప్పుకోలేదు. "అది దగ్గు కాదు," అన్నాడు, మొహం కడుక్కుంటూ. "పెద్దాయనకి సమాధానం చెప్పా. సమాధానం చెప్పడం దగ్గడం ఎట్లా అవుద్ది?"

"సాక్షుల్ని అడుగు."

పంతులు, "శబ్దాన్ని బట్టి చూస్తే దగ్గే," అన్నాడు. భాయ్, "నా చెవులు ఇంకా పని చెయ్యట్లేదండీ," అని తప్పించుకున్నాడు. చివరికి బావ చీటీ మీద గొణుక్కుంటూనే నా పేరు రాశాడు. ముందు ఎడమ పక్క గుండ్రంలో నేను. నడుమ డబ్బాలో బావ. ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడవకుండా ఆధార్ కార్డుతో కలిపి చుట్టి, మెడలో వేసుకునే సంచిలో రుషీకేశ్ దాకా మోసుకెళ్ళాను.

రైలు ప్రయాణం గురించి చెప్పాలంటే వేరే పుస్తకం అవుతుంది (పక్క పై బెర్తు నాకే వచ్చింది, అది యాదృచ్ఛికమని ఇప్పటికీ నేను నమ్మను). శుక్రవారం పొద్దున, పంతులు ఆమోదంతో, గంగ ఒడ్డున నిలబడ్డాం. పచ్చటి నీళ్ళు కొండల మధ్య నుంచి ఎవరి మాటా వినకుండా వస్తున్నాయి. మా గైడు నలభై ఏళ్ళ గడ్డపాయన. మా పడవలో ఇంకో ఊరి దంపతులు కూడా ఉన్నారు. ఎవరెక్కడ కూర్చోవాలో ఆయన చెప్పబోతుండగా నేను ముందుకెళ్ళి చీటీ చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక పక్క టిక్కీల తూకం, ఇంకో పక్క కోడిగుడ్డు, అంతా తెలుగులో. హిందీలో వివరించమని భాయ్‌ని అడిగితే, భాయ్ నన్ను చూపించి, పడవ ముందు భాగాన్ని చూపించి, రెండు చేతులూ జోడించాడు. గైడుకి ఏమర్థమైందో గాని, ఎంతో జాలిగా నా భుజం తట్టి ముందు ఎడమ పక్క కూర్చోబెట్టాడు. నా వెనకాలే బావని కూర్చోబెట్టాడు. ఆ పడవలో డబ్బా అంటూ ఏదీ లేదు, అందరూ అంచునే కూర్చున్నారు, అందరికీ తెడ్డు ఇచ్చారు. పదిహేడేళ్ళ లారీ సూత్రం అక్కడ చెల్లలేదని బావకి గుర్తు చెయ్యడానికి వెనక్కి తిరిగాను. "ముందు చూడరా!" అని అరిచాడు.

ముందు చూశాను. చూడకుండా ఉండాల్సింది. నీటి మీద గుంట ఒకటి ఉంది. గుంట అవతల గోడ ఉంది. ఆ గోడ కూడా నీళ్ళదే. ముందు సీటంటే ఏమిటో నాకు ఆ క్షణంలో బోధపడింది. వెనకవాళ్ళకి మిగిలేది తుంపర, ముందువాడికి దక్కేది మొత్తం నది. ప్రమాదం వచ్చినప్పుడు గైడు "గెట్ డౌన్" అంటాడనీ, అనగానే సీటు వదిలి పడవ అడుగున కూర్చోవాలనీ ముందే నేర్పారు. ఆయన ఆ మాట అనకముందే నేను ఆ ఆజ్ఞ పాటించాను. తెడ్డు ఒక పక్కకి, కాళ్ళు ఒక పక్కకి, నేను అడుగున బోర్లా. మొదటి అల మీద పడగానే పడవ ఎడమకి ఒరిగింది. నేను అంచు వైపు జారడం మొదలుపెట్టాను. సగం మనిషిని బయటికి వెళ్ళాననుకుంటాను. అప్పుడు నా లైఫ్ జాకెట్టు పట్టీని ఎవరో వెనక నుంచి గట్టిగా పట్టుకున్నారు.

"భాయ్! సామాను జారిపోతంది, సామాను!" అని బావ గొంతు.

ఆ అల దాటే దాకా, తర్వాత దానికి చెల్లెల్లాంటి ఇంకోటి దాటే దాకా, ఆయన ఆ పట్టీ వదల్లేదు. ఆయన తెడ్డు ఎప్పుడో కొట్టుకుపోయింది. నీళ్ళు నిలకడైన చోట నన్ను లేపి కూర్చోబెట్టి, మొహం మీది జుట్టు పక్కకి తోసి, "దెబ్బేం తగల్లేదుగా? మీ అక్కకి నేనేం చెప్పాలిరా?" అన్నాడు. ఆయన నన్ను అలా అడగడం నేను అంతకుముందు వినలేదు. కృతజ్ఞతగా ఏదో ఒకటి అనాలనిపించింది. నోరు తెరిచాను.

"సామాను అన్నావు," అన్నాను.

ఆయన అంత నదిలోనూ తల వెనక్కి వాల్చి నవ్వాడు. భాయ్ నవ్వాడు. పంతులు నవ్వాడు. తెలుగు రాని ఆ దంపతులు కూడా నవ్వారు. (ఆ నవ్వినవాళ్ళ జాబితా కూడా నా దగ్గర ఉంది.)

ఒడ్డున ఒకాయన ఫొటోలు తీసి అమ్ముతున్నాడు. మా పడవది చూపించాడు. ముందు కుడి పక్క భాయ్, కళ్ళు మూసుకుని, నోరు పూర్తిగా తెరిచి. ముందు ఎడమ పక్క, నేను మిరపకాయల్లో ఏడ్చి గెలుచుకున్న సీటు, నున్నగా ఖాళీగా ఉంది. దాని వెనక బావ, లారీ మీద నుంచి జారే బస్తాని ఆపుతున్నవాడిలా నడుం వంచి, రెండు చేతులతో కిందికి దేన్నో పట్టుకుని ఉన్నాడు. జాగ్రత్తగా చూస్తే ఆయన చేతుల పక్కన ఒక మోచెయ్యి కనిపిస్తుంది. ఆ మోచెయ్యి నాది. మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తాను. "ముందు సీటేది?" అని అడుగుతారు. ఖాళీగా కనిపిస్తోందే, అదే అంటాను.

ఇదంతా మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పంతులు అద్దంకిలో ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. నా కారులోనే బయల్దేరాం. మా మేనల్లుడు నడుపుతున్నాడు. బావకి కిందటేడాది మోకాళ్ళ ఆపరేషను అయింది, కాళ్ళు చాపుకోవాలి గనక ముందు సీటు ఆయనది. వెనకాల ఒక పక్క మా అక్క, ఒక పక్క మా ఆవిడ, నడుమ నేను, నా ఒళ్ళో పంతులుకి ఇవ్వాల్సిన స్టీలు బిందె. కారు నాది. బిందె డబ్బులు కూడా నావే. అయినా ఎవరికీ ఏమీ అనిపించలేదు. చిలకలూరిపేట దాటాక ఒక గతుకు దగ్గర కారు ఎగిరింది. బావ ముందుకి తూలబోయాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి వెనక నుంచి వెళ్ళి ఆయన భుజం పట్టుకుంది. "ఒరేయ్, నెమ్మది," అన్నాను మా మేనల్లుడితో. "ముందు సామాను ఉంది."

బావ భుజాలు కదలడం నా చేతికి తెలిసింది. నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ, ఊపిరందక, గట్టిగా దగ్గాడు.

"దగ్గావు బావా," అన్నాను. "ముందు సీటు నాది. చీటీ ఉంది."

"అది దగ్గు కాదురా," అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ, వెనక్కి తిరక్కుండానే. "సమాధానం."

ఈ విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. చీటీ కూడా ఉంది, పర్సులో, ఆ ప్లాస్టిక్ కవర్లోనే, పెన్సిలు గీతలు కొంచెం చెదిరాయి. తీసి చూపించవచ్చు. కానీ తియ్యాలంటే ఆయన భుజం మీది చెయ్యి తియ్యాలి. రోడ్డు అద్దంకి దాకా గతుకులే. పోనీలే, వచ్చేటప్పుడు చూసుకుందాం అని, బిందె కాస్త సర్దుకుని, ఇద్దరాడవాళ్ళ మధ్య డబ్బాలా నిటారుగా కూర్చున్నాను.